పరాశ్వ రవాణా కార్యాలయం

గుండ్లకోట డివిజన్‌లో మొత్తం పందొమ్మిది గుర్రాలు ఉన్నాయి. ఆఫీసు వచ్చిన తర్వాతే ఈ సంఖ్య తేలింది. ఏ గుర్రం ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి అంతకు ముందు ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆఫీసు రావడానికి కారణం మాత్రం గుండ్లకోట గుర్రాలు కావు. రాజధానిలో ఒక పెద్ద అధికారి కూతురు గుర్రపు స్వారీ నేర్చుకుంటూ ఉండేది. ఆమె గుర్రాన్ని పోటీలకు తీసుకుపోతున్న కిరాయి బండి ఒక స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరిపడింది. గుర్రానికి ఏమీ కాలేదు. కాని మూడు రోజులుగా అది ముభావంగా ఉంటోందని అమ్మాయి తండ్రితో చెప్పింది. నాలుగో నెలకల్లా ‘ఇతరుల గుర్రములను ప్రతిఫలమునకు తరలించువారి నియమావళి’ వెలువడింది. తొంభై నాలుగు నిబంధనలు, ఆరు అనుబంధాలు.

అందులోని సారం ఇది. సొంత గుర్రాన్ని ఎవరు ఎలా తీసుకుపోయినా ప్రభుత్వానికి పట్టింపు లేదు. ఇతరుల గుర్రాన్ని ఊరికే తీసుకుపోయినా లేదు. గుర్రం ఇతరులదై ఉండి, దానికి కిరాయి కూడా తీసుకుంటే మాత్రం లైసెన్సు కావాలి. లైసెన్సులు ఇవ్వడానికి డివిజన్‌కు ఒక పరాశ్వ రవాణా కార్యాలయం చొప్పున తెరిచారు.

గుండ్లకోట డివిజన్‌లో ఇతరుల గుర్రాలను కిరాయికి తరలించే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు దూదేకుల పక్కీరప్ప. ఆ ఒక్కడి కోసం ఒక అధికారి, ఒక గుమస్తా, ఒక టైపిస్టు, ఇద్దరు అటెండర్లు, ఒక జీపు వచ్చాయి.

పక్కీరప్పకు యాభై ఆరేళ్ళు. పూర్వం జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా అమ్మేసి పాత మినీ లారీ ఒకటి కొన్నాడు. దాని తొట్టికి చెక్కల గోడలు కట్టించి, లోపల వరిగడ్డి పరిచి, గుర్రం ఎక్కడానికి వాలుగా వేసే బల్ల చేయించాడు. పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు, ఉరుసుల గుర్రాలు, ఎప్పుడైనా సినిమా షూటింగులకు వెళ్ళే గుర్రాలు ఆ బండిలోనే పోయేవి. గుర్రంతో కాసేపు మాట్లాడకుండా అతను బండి ఎక్కించడు. ఏం మాట్లాడతావని అడిగితే, “యాడికి పోతాండామో చెప్తా. చెప్పకుండ ఎక్కించి తలుపేస్తే నువ్వైనా ఊరుకుంటావా?” అనేవాడు.

కొత్త నియమావళి సంగతి అతనికి చెక్‌పోస్టు దగ్గర తెలిసింది. ఆ రోజు బండిలో ఓబులమ్మ గుర్రం చిలకమ్మ ఉంది. ఓబులమ్మ భర్త బ్యాండుమేళం నడిపేవాడు. ఆయన పోయాక మేళమూ గుర్రమూ ఆమె చూసుకుంటోంది. ఎనిమిది కుటుంబాలకు ఆ మేళమే ఆధారం. గుర్రం లేని మేళాన్ని ఎవరూ పెళ్ళికి పిలవరు.

చెక్‌పోస్టు మనిషి తన చేతిలోని కాగితం చూసి రెండు ప్రశ్నలు అడిగాడు.

“గుర్రం ఎవరిది?”

“బ్యాండు ఓబులమ్మది.”

“కిరాయి తీసుకుంటున్నావా?”

“తీసుకోకుంటే డీజిల్ యాడ నుంచి వస్తాది సార్?”

రెండింటికీ నిజమే చెప్పాడు. ఏ ఒక్కదానికి అబద్ధం చెప్పి ఉన్నా పోనిచ్చేవాళ్ళు. చిలకమ్మను అక్కడే దింపారు. అది ఆరు కిలోమీటర్లు నడిచి పెళ్ళి ఇంటికి చేరేసరికి పెళ్ళికొడుకు తన బావమరిది స్కూటరు వెనక కూర్చుని మండపానికి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజే పక్కీరప్ప ఆఫీసుకు వెళ్ళాడు. అధికారి పేరు పరాంకుశరావు. ఆయన అంతకు ముందు కోడిగుడ్ల నాణ్యతా విభాగంలో పనిచేశాడు. గుర్రాన్ని ఎన్నడూ దగ్గరగా చూసినవాడు కాదు. చూడకపోవడం వల్ల తీర్పులో పక్షపాతం ఉండదని ఆయన నమ్మకం. లంచం ముట్టేవాడు కాదు. ముట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

“దరఖాస్తుదారు కూర్చోవచ్చును,” అన్నాడు పరాంకుశరావు. “కిరాయి చెల్లింపబడి ప్రయాణించు ప్రాణి ప్రయాణికుడు. సదరు గుర్రమునకు కిరాయి చెల్లింపబడుచున్నది. కావున సదరు గుర్రము ప్రయాణికుడు. తమ వాహనము ప్రయాణికుల వాహనము.”

“అది గడ్డి మేసే జంతువు సార్.”

“ప్రయాణికుల ఆహారపుటలవాట్లలో శాఖ జోక్యం చేసుకోదు. వాహనములో అత్యవసర ద్వారం ఉండవలెను. ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెను. ఫిర్యాదుల పుస్తకం ఉండవలెను. ఫిర్యాదు చేయవలసిన నంబరును ప్రయాణికునికి కనబడునట్లు గోడ మీద రాయించవలెను.”

“గుర్రానికి సదువు రాదు గద సార్.”

“చదువు రాకపోవడం ప్రయాణికుని వ్యక్తిగత లోపం. అందుకు శాఖ బాధ్యత వహించదు.”

“మరి ఫిర్యాదుల పుస్తకంలో ఎట్ల రాస్తాది?”

“రాయనిచో, ఫిర్యాదులు లేవని తమరు రాసి, కింద గిట్ట ముద్ర వేయించవలెను.”

పక్కీరప్ప వాదించలేదు. తొట్టికి రెండో తలుపు కోయించాడు. గోడ మీద తెల్ల రంగు వేయించి నంబరు రాయించాడు. ఫిర్యాదుల పుస్తకం కొని, గుర్రం తల ఎత్తుకు తాడుతో వేలాడదీశాడు. బండి తనిఖీ కోసం ఊళ్ళోనే ఒక ఫర్లాంగు దూరం చిలకమ్మను కిరాయి లేకుండా తిప్పి చూశారు. ఆ కాస్త దూరంలోనే అది ఫిర్యాదుల పుస్తకం సగం నమిలేసింది. పరాంకుశరావు మిగిలిన సగాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ప్రయాణికురాలు తీవ్రమైన అసంతృప్తి వ్యక్తం చేసినది’ అని రాసుకున్నాడు.

ఆ తర్వాత డ్రైవరు యోగ్యతా పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రం ఏ దేశం నుంచో తెప్పించి తెలుగు చేయించారు. ‘నౌకాప్రయాణమందు అలలు నాలుగు మీటర్లకు మించి లేచినప్పుడు గుర్రము యొక్క మనోధైర్యమును ఎట్లు కాపాడుదువు?’ అన్నది మొదటి ప్రశ్న. పక్కీరప్ప, ‘మాకు సముద్రం లేదు. ఉన్నా పోను’ అని రాశాడు. మొదటి వాక్యానికి అర మార్కు వచ్చింది. రెండో వాక్యంలో ఉత్సాహం లోపించిందని ఆ అర మార్కు తీసేశారు.

ప్రాక్టికల్ పరీక్షకు గుర్రం కావాలి. ఆఫీసుకు గుర్రం లేదు. పరీక్ష గుర్రాన్ని కిరాయి ఇచ్చి, లైసెన్సు ఉన్న బండిలోనే తెప్పించాలని నిబంధన. లైసెన్సు ఉన్న బండి డివిజన్‌లో ఒక్కటీ లేదు. పరాంకుశరావు ఒక పూట ఆలోచించి, గుమస్తా సుగుణాకర్‌ను ఆ ఒక్క రోజుకు తాత్కాలిక గుర్రంగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. సుగుణాకర్ నలభై తొమ్మిదేళ్ళ మనిషి, గ్యాస్ ట్రబుల్ ఉంది. ఉత్తర్వు మీద సంతకం పెట్టి, చెప్పులు విడిచి, మినీ లారీ ముందు నిలబడ్డాడు. టైపిస్టు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

పక్కీరప్ప నవ్వలేదు. సుగుణాకర్ భుజం మీద చెయ్యి వేశాడు. “యాడికీ పోయ్యేది లేదు. ఈ బల్ల ఎక్కుతాము. లోపల రెండు నిమిషాలు నిలబడతాము. మళ్ళ దిగొస్తాము. బల్ల కదల్దు. నేను పక్కనే ఉండా,” అని మెల్లగా చెప్పాడు. చెయ్యి తియ్యకుండా అడుగులో అడుగు వేస్తూ ఎక్కించాడు. సుగుణాకర్ వరిగడ్డి మీద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలయ్యాక కూడా కళ్ళు తెరవలేదు.

“ఇరవై రెండేళ్ళ సర్వీసులో నన్ను ఎక్కడికి తీసుకుపోతున్నారో ముందుగా చెప్పినవాడివి నువ్వొక్కడివే పక్కీరప్పా,” అన్నాడు.

కింద నుంచి పరాంకుశరావు ఆ మాట విన్నాడు. ఎక్కించునప్పుడు గాని దించునప్పుడు గాని గుర్రము అసాధారణ శబ్దము చేసినచో అభ్యర్థి ఉత్తీర్ణుడు కాడని నలభై ఒకటో నిబంధన. గుర్రం తెలుగులో మాట్లాడటం అసాధారణమే. పక్కీరప్ప తప్పాడు. మళ్ళీ పరీక్ష ఆరు నెలల తర్వాత అన్నారు.

ఆ తర్వాత పది రోజులకు చిలకమ్మకు జబ్బు చేసింది. పొద్దున మేత ముట్టలేదు. కాసేపటికి పడుకుని పొర్లడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు ప్రసూన వచ్చి పొట్టకు చెవి ఆనించి విన్నది. “పేగు మెలిపడినట్టుంది. నా దగ్గర సూది తప్ప ఏమీ లేదు. డెబ్బై కిలోమీటర్లు, పెద్దాసుపత్రికి సాయంత్రంలోగా తీసుకుపోతే ఆపరేషన్ చేస్తారు. అంతవరకూ పడుకోనీకండి,” అంది.

మేళం వాళ్ళు గుర్రాన్ని పడుకోనివ్వకుండా నడిపిస్తూ ఉండగా ఓబులమ్మ, పక్కీరప్ప ఆఫీసుకు పరుగెత్తారు. ఈ ఒక్కసారికి కిరాయి లేకుండా తీసుకుపోతానని పక్కీరప్ప చెప్పాడు. పరాంకుశరావు సంతోషించాడు. ఊరికే తీసుకుపోతే నియమావళి అడ్డురాదు. కాని అది నిజంగా ఊరికేనా కాదా అన్నది నిర్ధారించుకోవాలి.

“ప్రతిఫలము అనగా రొక్కము మాత్రమే కాదు. భోజనము, టీ, వాగ్దానము, కృతజ్ఞత కూడా ప్రతిఫలములే. ఏడవ నిబంధన, మూడవ వివరణ. ఓబులమ్మ గారు తనకు దరఖాస్తుదారు పట్ల కృతజ్ఞత లేదని, ఇకముందు కలగబోదని ప్రమాణపత్రం దాఖలు చేసినచో వాహనము బయలుదేరవచ్చును.”

ఓబులమ్మకు చెమటలు కారుతున్నాయి. కాగితం తీసుకుంది. పెన్ను పట్టుకుంది. మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

“ఎట్ల రాసేది సామీ? నా గుర్రం బతికితే ఈయప్పను సచ్చేదాక మర్చిపోను.”

“అమ్మా, ఈ మాట నమోదు చేసుకోవలసి వస్తుంది.”

“రాసుకో సామీ. లేనిది లేదంటా, ఉండేదాన్ని లేదని యెట్లంటా?”

“రాయి ఓబులమ్మా,” అన్నాడు పక్కీరప్ప. “నాకేమీ నొప్పి లేదు. రాసెయ్యి.”

ఆమె రాయలేదు. ఏడవనూ లేదు. గుమస్తా సుగుణాకర్ ఇద్దరినీ వరండాలోకి తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పాడు. “గుర్రాన్ని పక్కీరప్పకు అమ్మేయమ్మా. సొంత గుర్రానికి ఈ ఆఫీసుతో పని లేదు. నయమయ్యాక మళ్ళీ కొనుక్కో.” పక్కీరప్ప తప్పిన పరీక్ష కాగితం వెనక పక్క ఖాళీగా ఉంది. దాని మీదే అమ్మకం పత్రం రాశాడు.

ఓబులమ్మ సంతకం పెట్టింది. “అన్నా, మీ బావ ముద్దు చేసి పెంచింది దీన్ని.”

“నేను తీసుకునేది లేదమ్మా. నయమయ్యేదాక నా పేరు పెట్టుకుంటా, అంతే.”

దారిలో రెండు చెక్‌పోస్టులు తగిలాయి. గుర్రం నాదే అని పక్కీరప్ప చెప్పాడు. ఎవరూ ఆపలేదు. చిలకమ్మ నిలబడలేక నాలుగుసార్లు మోకాళ్ళ మీద పడింది. వెనక ఓబులమ్మ దాని మెడ పట్టుకుని కూర్చుంది. నాలుగున్నరకు ఆసుపత్రి చేరారు. ఆపరేషన్ అయింది. ఐదో రోజు గుర్రం లేచి గడ్డి మేసింది. పక్కీరప్ప అదే కాగితం కింద ‘తిరిగి అమ్మితిని’ అని రాసి ఓబులమ్మ చేతికి ఇచ్చాడు.

ఈ సంగతి డివిజన్ అంతా పాకింది. ఆ తర్వాత రెండు నెలల్లో పక్కీరప్ప పందొమ్మిది గుర్రాలనూ అన్నీ కలిపి నూట ఇరవైసార్లు కొన్నాడు, నూట ఇరవైసార్లు అమ్మాడు. కొన్న ధరకు కిరాయి కలిపి అమ్మేవాడు. పొద్దున కొన్న గుర్రాన్ని మధ్యాహ్నం అమ్మి, సాయంత్రం మళ్ళీ కొన్న రోజులు కూడా ఉన్నాయి. వచ్చినవాళ్ళు పత్రం తామే రాసుకుని తెచ్చేవాళ్ళు. పక్కీరప్ప సంతకం చేసి, గుర్రంతో కాసేపు మాట్లాడి, బండి ఎక్కించేవాడు.

ఆఫీసులో మాత్రం దరఖాస్తులు ఆగిపోయాయి. ఇద్దరు అటెండర్లు ఒకరికొకరు టీ తెచ్చుకుంటూ ఉండేవారు. పరాంకుశరావు అమ్మకం పత్రాల నకళ్ళు తెప్పించుకుని చదివాడు. ఆయనకు కోపం రాలేదు. నియమావళిలో ఒక ఖాళీ కనబడినందుకు ఉత్సాహం వచ్చింది. పదకొండు పేజీల లేఖ పైకి రాశాడు. ‘యాజమాన్యము కాగితముల మీద ఉండునది కాదు. గుర్రము మనస్సులో ఉండునది. కావున గుర్రము అభిప్రాయమును స్వీకరించి తదనుగుణముగా యజమానిని నిర్ణయించుట శ్రేయస్కరము.’ పైవాళ్ళు ఆ లేఖను చదివారో లేదో తెలియదు గాని, ఆమోదించి పంపారు. పద్ధతి కూడా ఆయన్నే రూపొందించమన్నారు.

కాలేజీ మైదానంలో పరీక్ష పెట్టారు. గుర్రాన్ని మధ్యలో వదలాలి. అది ఎవరి దగ్గరికి పోయి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే వాళ్ళే యజమాని. అమ్మకం పత్రాల్లో పేరు ఉన్నవాళ్ళందరూ హాజరు కావాలి కాబట్టి ప్రతి గుర్రానికీ దాని యజమానితో పాటు పక్కీరప్ప కూడా నిలబడాల్సి వచ్చింది.

మొదటి గుర్రం వదలగానే పక్కీరప్ప దగ్గరికి వచ్చింది. రెండోది వచ్చింది. మూడోసారి అతను గోల్‌పోస్టు వెనక దాక్కున్నాడు. గుర్రం అక్కడికే వెళ్ళింది. “పో, మీ సామి ఆడుండాడు, పో,” అని కసిరినా పోలేదు. చిలకమ్మ వంతు వచ్చింది. అది ఓబులమ్మ వైపు ఒకసారి చూసింది. ఓబులమ్మ చెయ్యి చాచింది. చిలకమ్మ తల దించుకుని నడిచి పక్కీరప్ప పక్కన నిలబడింది.

సాయంత్రానికి రిజిస్టరులో పందొమ్మిది గుర్రాలకూ ఒక్కడే యజమాని అని రాశారు.

పక్కీరప్ప వాటిని తోలుకుని ఇంటికి పోయాడు. భార్య దస్తగిరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. “యాడ కట్టేస్తావు వీటిని? మంచానికా?” అంది. ఊరి బయట పాత పత్తి మిల్లు ఖాళీగా ఉంటే అక్కడ కట్టేశాడు. మూడో రోజు ఎవరో వ్యాపారి కారులో వచ్చి అన్నీ ఒక్కసారే కొంటానన్నాడు. ఆ డబ్బుతో పక్కీరప్ప మూడు లారీలు కొనుక్కోవచ్చు.

“అమ్మేదానికి నావి గావప్పా,” అన్నాడు.

“రిజిస్టరులో నీ పేరే ఉందిగా.”

“రిజిస్టరుకేం తెలుసు,” అని అతన్ని పంపేశాడు.

యజమానులందరూ గుంపుగా ఆఫీసుకు వెళ్ళారు. మొదట అరిచారు. పరాంకుశరావు వాళ్ళ అరుపు అయ్యేదాకా ఆగి, మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్షకు అవకాశం ఉందని చెప్పాడు. “ఈ లోపల గుర్రము అభిప్రాయము మారినచో శాఖ గౌరవించును. దాని అభిప్రాయమును మార్చు బాధ్యత యజమానులది.”

ఆ మూడు నెలలు పత్తి మిల్లు తిరునాళ్ళలా ఉంది. జీతగాళ్ళకు అప్పగించి గుర్రం వైపు తిరిగి చూడని వాళ్ళు పొద్దునే వచ్చి పేడ ఎత్తసాగారు. కొరడా తప్ప వేరే మాట తెలియనివాళ్ళు మెడ నిమరడం నేర్చుకున్నారు. ఓబులమ్మ అందరికంటే ముందు వచ్చేది.

“నేను దీనికి పూసలు కట్టడం, పూలు పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదన్నా,” అంది ఒక రోజు బ్రష్షుతో చిలకమ్మ వీపు రుద్దుతూ. “దాణా పెట్టిందీ, కడిగిందీ అంతా ఆయనే. ఆయన పోయినాక పిల్లోళ్ళకు చెప్పి చేయించినా. అది నన్ను చూసింది గాని రాలేదు సూడు, దాని తప్పేమీ లేదు.”

“గోకేటప్పుడు గట్టిగా గోకు. అది మనిషి వీపు గాదు,” అన్నాడు పక్కీరప్ప.

అందరిలోకీ కష్టపడినవాడు నాపరాతి బండల ఫ్యాక్టరీ శివలింగారెడ్డి. ఆయన గుర్రం పేరు తుపాను. ఏడాదికి ఒకసారి జాతరలో దాని మీద కూర్చుని ఫొటో తీయించుకోవడానికి కొన్నాడు. రోజూ కుర్చీ వేయించుకుని దాని ముందు కూర్చునేవాడు. ఏం మాట్లాడాలో తెలియక పేపరు గట్టిగా చదివి వినిపించేవాడు. తుపాను సిమెంటు ధరల దాకా వినేది. అక్కడ వెనక్కి తిరిగి నిలబడేది.

మళ్ళీ పరీక్ష వచ్చింది. ఈసారి చిలకమ్మ ఎక్కడా ఆగకుండా నేరుగా ఓబులమ్మ దగ్గరికి నడిచి వెళ్ళి ఆమె భుజం మీద ముట్టె ఆనించింది. ఓబులమ్మ ఐదు నిమిషాలూ కదలకుండా నిలబడింది. గుమస్తా సమయం అయిందని చెప్పాక చీర కొంగుతో ముఖం కప్పుకుంది. ఒకటి తర్వాత ఒకటి పద్దెనిమిది గుర్రాలు తమ యజమానుల దగ్గరికి వెళ్ళాయి. కొన్ని పక్కీరప్ప దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్ళాయి. అతను ప్రతిదానికీ తల ఊపాడు.

చివరగా తుపానును వదిలారు. శివలింగారెడ్డి పట్టుచొక్కా వేసుకుని రెండు చేతుల్లో ఆపిల్ పళ్ళు పట్టుకున్నాడు. తుపాను ఆయన్ను దాటింది. పక్కీరప్పను కూడా దాటింది. టేబులు దగ్గర నిలబడి నిబంధనలు చదువుతున్న పరాంకుశరావు దగ్గరికి వెళ్ళి ఆయన గుండెల మీద తల పెట్టింది. పొద్దుటి నుంచి చదివి చదివి గొంతు ఎండిపోయి, ఆయన చొక్కా జేబులో పటికబెల్లం వేసుకున్నాడు.

పరాంకుశరావు కదలలేదు. భయం వల్ల కదలలేదో, మరెందుకు కదలలేదో ఎవరికీ తెలియదు. గుర్రం కూడా కదలలేదు.

“ఐదు నిమిషాలు సార్,” అన్నాడు సుగుణాకర్.

“నేను హక్కుదారును కాను.”

“‘మైదానములో ఉన్న ఏ వ్యక్తి వద్దనైనను’ అని ఉంది సార్. తమరు రాసిందే.”

జనం అంతా ఆయన వైపు చూశారు. కాదనడానికి ఆయన చేతిలో అధికారం ఉంది. టేబులు మీద రిజిస్టరూ ఉంది. పరాంకుశరావు గుర్రం ముఖం వైపు చూశాడు. అంత దగ్గరగా ఆయన ఏ జంతువు కళ్ళూ చూడలేదు.

“నమోదు చేయండి,” అన్నాడు.

శివలింగారెడ్డి ఆపిల్ ఒకటి కొరికి, “పీడ పోయింది,” అని కారెక్కాడు.

పరాంకుశరావు గుర్రాన్ని నడిపించుకుంటూ క్వార్టర్స్‌కు తీసుకుపోయాడు. సైకిల్ స్టాండులో కట్టేశాడు. ఆయన భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే తాగుతుందా అని అడిగింది. పక్కీరప్ప వచ్చి మేత ఎంత వెయ్యాలో, గిట్టలు ఎలా చూడాలో నేర్పించాడు. పరాంకుశరావు అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కొన్నాళ్ళకు పుస్తకం చూడడం మానేశాడు.

రెండు నెలలకు పై నుంచి మెమో వచ్చింది. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా ఖరీదైన గుర్రాన్ని ఎలా సంపాదించాడో వివరించమన్నారు. ‘నేను సంపాదించలేదు. గుర్రము నన్ను ఎంచుకొనినది. ఎంచుకొను పద్ధతి తమచే ఆమోదింపబడినది’ అని ఆయన జవాబు రాశాడు. పైవాళ్ళు ఆ జవాబును పరిశీలించి ఆయన్ను చింతకొండకు బదిలీ చేశారు. చింతకొండ అక్కడి నుంచి యాభై ఎనిమిది కిలోమీటర్లు. నాలుగు రోజుల్లో చేరాలి.

సామాను లారీలో పోయింది. భార్య బస్సులో పోయింది. గుర్రం మిగిలింది. పక్కీరప్ప బండి సిద్ధంగా ఉందన్నాడు. కాని పక్కీరప్పకు అది ఇతరుల గుర్రం, అతనికి లైసెన్సు లేదు. ఊరికే తీసుకుపోదామన్నా, తనకు కృతజ్ఞత లేదని పరాంకుశరావు ప్రమాణపత్రం రాయలేడు. ఆరు నెలలు దాటినా రెండోసారి పరీక్షకు ఇంకా తేదీ రాలేదు.

“అందరూ చేసినట్టే కాగితం రాసి అతనికి అమ్మేయండి సార్. అక్కడికి పోయాక తీసుకోండి,” అన్నాడు సుగుణాకర్.

పరాంకుశరావు తుపాను వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. “కాగితం మీద మార్చినంత మాత్రాన దాని మనసులో మారదు కదా. అది నేను రాసిన వాక్యమే.”

మరునాడు పొద్దున ఆరింటికి ఆయన గుర్రాన్ని పట్టుకుని నడక మొదలుపెట్టాడు. సంచిలో రెండు జతల బట్టలు, నియమావళి పుస్తకం. బండల లారీలు తిరిగే రోడ్డు అది. ఒక్కో లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా తుపాను బెదిరి పక్కకు లాగేది. ఆయన చేతులు తాడు కోసుకుని ఎర్రబడ్డాయి. పది గంటలకు వెనక నుంచి ఒక బండి మెల్లగా వస్తున్న చప్పుడు వినబడింది. దాటి పోలేదు. ఆయన ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది. తిరిగి చూస్తే పక్కీరప్ప మినీ లారీ, రెండు పక్కల లైట్లూ ఆరిపోతూ వెలుగుతూ ఉన్నాయి. పెద్ద లారీలన్నీ దాన్ని చూసి దూరంగా తప్పుకుని పోతున్నాయి.

“ఏమిటిది?” అన్నాడు పరాంకుశరావు.

“ఏమీ లేదు సార్. నేనూ అట్లనే పోతాండా.”

“నా గుర్రము నీ వాహనములో లేదు.”

“లేదు సార్. రోడ్డు మీదనే ఉండాది.”

పరాంకుశరావు రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద నిలబడి సంచిలోంచి పుస్తకం తీశాడు. తొంభై నాలుగు నిబంధనలూ వేలు పెట్టి చూశాడు. అనుబంధాలు చూశాడు. పక్కీరప్ప బండి ఆపి, తుపానుకు బకెట్టుతో నీళ్ళు పెట్టి, ఓపికగా కాచుకున్నాడు.

“వెనకాల రావడం గురించి ఏమీ లేదు,” అన్నాడు పరాంకుశరావు చివరికి. ఆయన గొంతులో ఆశ్చర్యం ఉంది.

“లేకుంటే ఏం చెయ్యల్ల సార్?”

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టాడు. తుపాను బకెట్టు అడుగు నాకుతోంది.

“లేకుంటే రావచ్చుననుకుంటాను,” అన్నాడు.